ఇంటిపేరు ఇచ్చారు సరే, ఇల్లేది?

"సార్ ఏం చేస్తారు మేడమ్?"

2023 జూన్‌లో ఇంటి అప్పు కోసం ఒక బ్యాంకుకి వెళితే నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. నా శాలరీ స్లిప్పులు, ఫారం 16లు, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఆ అబ్బాయి బల్ల మీదే ఉన్నాయి. అన్నిటి మీదా నా పేరే ఉంది. వాటిని పక్కకి జరిపి అతను "సార్" గురించి అడిగాడు. సార్ లేరనీ, 2014లోనే విడాకులయ్యాయనీ చెప్పాను. అతని మొహంలో నిజంగానే జాలి కనిపించింది. చెడ్డవాడేం కాదు. "అయ్యో" అన్నాడు. ఆ వెంటనే "మరి అన్నయ్యగారో తమ్ముడుగారో ఉన్నారా మేడమ్?" అని రెండో ప్రశ్న వేశాడు.

ఈ వ్యాసం ఆ అబ్బాయి మీద కాదు. అతని కంప్యూటర్‌లో ఉన్న "ఎలిజిబిలిటీ" అనే లెక్క మీద. లెక్కకి ఆడా మగా తేడా ఉండదని మనందరికీ ఒక నమ్మకం. కూడికలూ తీసివేతలూ ఎవరికైనా ఒకటే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ లెక్కని దగ్గర్నించి చూశాక నాకు అర్థమైందేమిటంటే, అది ఒక మగవాడి జీవితాన్ని నమూనాగా పెట్టుకుని అల్లిన లెక్క. ఇరవై మూడేళ్ళకి ఉద్యోగంలో చేరి, మధ్యలో ఒక్కరోజు కూడా ఆగకుండా, ఇంట్లో ఎవరు పుట్టినా ఎవరు మంచాన పడ్డా పని మానక్కర్లేకుండా, అరవై దాకా జీతం తీసుకునే మనిషి కోసం కుట్టిన చొక్కా అది. అది మనకి సరిపోకపోతే మన ఒంటిదే తప్పంటున్నారు.

ముందు లెక్క చెప్తాను. విసుక్కోకుండా చదవండి. మనలో కవిత్వం గురించి గంటలు మాట్లాడగలిగిన వాళ్ళం కూడా ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి "మా వారు చూసుకుంటారు" అని తప్పుకుంటాం. అక్కడే దెబ్బ తింటున్నాం.

బ్యాంకు మనకి రెండు హద్దులు గీస్తుంది. మొదటిది ఇంటి విలువ మీద. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు అప్పయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వచ్చు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అయితే 80 శాతం, ఆ పైన 75 శాతం. మిగిలింది మన చేతి నుంచి పెట్టుకోవాలి. 10 లక్షలు దాటిన ఇంటికి రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఆ విలువలో కలపరు. తెలంగాణలో అప్పటికి అవన్నీ కలిపి 7.5 శాతం. అంటే 55 లక్షల ఫ్లాటు కొనాలంటే బ్యాంకు ఎక్కువలో ఎక్కువ 44 లక్షలు ఇస్తుంది. 11 లక్షలు, పైన రిజిస్ట్రేషన్‌కి నాలుగు లక్షల చిల్లర, మొత్తం 15 లక్షలు రొక్కం మన దగ్గర సిద్ధంగా ఉండాలి. ఒంటరిగా పిల్లల్ని చదివించుకున్న ఏ ఆడదాని దగ్గర ఉంటాయి 15 లక్షలు?

రెండో హద్దు ఆదాయం మీద. చేతికొచ్చే జీతంలో సుమారు సగం మాత్రమే నెలసరి వాయిదాలకి పోవచ్చంటారు. ఉన్న అప్పుల వాయిదాలు అందులోంచి తీసేస్తారు. మిగిలిన దాన్ని రిటైరయ్యేదాకా ఎన్నేళ్ళుందో ఆ ఏళ్ళతో ముడిపెడతారు. ఈ రెండు హద్దుల్లో ఏది తక్కువైతే అదే మన "అర్హత".

నాకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్తాను. చేతికొచ్చేది 52 వేలు. అందులో సగం 26 వేలు. అబ్బాయి చదువు కోసం తీసుకున్న అప్పు వాయిదా 4 వేలు పోగా 22 వేలు. అరవైకి రిటైర్మెంటు కాబట్టి పన్నెండేళ్ళు. అప్పటి 8.5 శాతం వడ్డీ మీద నాకు వచ్చేది 19 లక్షల 80 వేలు. ఇదే 22 వేలు ఇరవయ్యేళ్ళు కట్టగలిగిన వాళ్ళకి 25 లక్షల పైన వస్తుంది. అదే జీతం, అదే వాయిదా. తేడా ఐదున్నర లక్షలు. ఆ తేడా పేరు వయసు అని బ్యాంకు అంటుంది. నేను దానికి వేరే పేరు పెడతాను.

1996లో నాకు పెళ్ళయింది. ఎం.ఏ. పూర్తిచేసి కూడా తొమ్మిదేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. ఇద్దరు పిల్లలు పుట్టారు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు మంచంలో ఉన్నారు. ఆవిడకి నీళ్ళు పోసి, తిండి తినిపించి, బట్టలు మార్చింది నేను. ఆ తర్వాత ఆరేళ్ళు గంటల లెక్కన పాఠాలు చెప్పాను, సెలవుల్లో జీతం లేకుండా. పర్మినెంట్ అయ్యేసరికి ముప్పై ఏడు. ఆ తొమ్మిదేళ్ళూ నేను రోజుకి పదహారు గంటలు పనిచేశాను. బ్యాంకు లెక్కలో అవి ఖాళీ. ఖాళీ అయినా బాగుండేది, అవి అప్పులాగా నా మీదే పడ్డాయి. పని మొదలు ఆలస్యం, జీతం తక్కువ, మిగిలిన కాలం తక్కువ, ఆఖరికి అర్హతా తక్కువ.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వేలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మగవాళ్ళలో ఆ పని చేసేదే కొద్దిమంది, వాళ్ళు కూడా పెట్టేది 97 నిమిషాలు. ఇంకో సంగతి చూడండి. రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే నష్టపరిహారం కోసం ఆమె ఇంటి పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది, 2021 జనవరిలో మళ్ళీ గట్టిగా చెప్పింది. మంచిదే. కానీ నా మట్టుకు నాకు ఒళ్ళు మండుతుంది. లారీ కింద పడి చస్తే మన చాకిరీకి రూపాయల్లో విలువ ఉంది. బతికుండి, ఒక గది కొనుక్కుంటామని వెళితే లేదు!

మళ్ళీ ఆ అబ్బాయి బల్ల దగ్గరికి వస్తాను. "మీకు పిల్లలున్నారా మేడమ్?" అని అడిగాడు. అమ్మాయి ఉంది, మంచి ఉద్యోగం చేస్తోంది, జీతం నాకంటే ఎక్కువ అని గొప్పగా చెప్పాను. "పెళ్ళయిందా?" అయింది. "అయితే వద్దు మేడమ్, పెళ్ళయిన అమ్మాయి ఆదాయం మేం తీసుకోం." మరి అబ్బాయి? ఉన్నాడు. ఇరవై మూడేళ్ళు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. 45 వేలు జీతం. అతని మొహం వెలిగిపోయింది. మీటలు నొక్కాడు. నా అర్హత ఒక్కసారిగా 50 లక్షలు దాటింది! "బాబుని కో-అప్లికెంట్‌గా, కో-ఓనర్‌గా పెట్టేయండి. ముప్పై ఏళ్ళు టైం కూడా వస్తుంది" అన్నాడు సంతోషంగా.

నేను ఇంటికొచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. వాణ్ణి పెంచడానికే కదా నా ఆ తొమ్మిదేళ్ళు ఖర్చయ్యాయి. ఆ తొమ్మిదేళ్ళకి నాకు పడింది సున్నా. అవే ఏళ్ళలో పెరిగినవాడు ఇప్పుడు నా అర్హత! వాడి అక్కనీ నేనే పెంచాను, వాడి కంటే ఎక్కువ సంపాదిస్తోంది, కానీ మెళ్ళో మూడు ముళ్ళు పడ్డాయి కాబట్టి దాని జీతం నా ఇంటికి పనికిరాదు. ఆడపిల్ల అంటే "ఆడ" పిల్లే గానీ "ఈడ" పిల్ల కాదని మా నాయనమ్మ అంటే పాతకాలపు మాట అనుకునేవాళ్ళం. ఏసీ గదిలో కంప్యూటర్ కూడా అదే మాట అంటోంది.

ఇక తమ్ముడి సంగతి. తాతగారి నాటి ఇల్లు మాకొకటి ఉండేది. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. నా పెళ్ళి 1996లో కాబట్టి ఆ ఇంట్లో నాకు వాటా ఉంది. 2003లో నాన్న పోయాక అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని "పుట్టింటి తలుపు తెరిచి ఉండాలంటే సంతకం పెట్టమ్మా" అంది. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టాను. మీలో ఎంతమంది పెట్టారో నాకు తెలుసు. ఆ సంతకంతో ఒక ఇల్లు పోయింది. ఇరవయ్యేళ్ళ తర్వాత ఇంకో ఇల్లు కావాలంటే తమ్ముడి సంతకం కావాలట! తెలుగులో మనకి "ఇంటిపేరు" అని ఒక మాట ఉంది. పుట్టగానే ఒకటి ఇస్తారు, పెళ్ళిలో ఇంకొకటి ఇస్తారు. రెండు ఇంటిపేర్లు మోసిన మనిషికి ఒక్క ఇల్లు లేదు.

"ఆడవాళ్ళకి బ్యాంకులు రాయితీ ఇస్తున్నాయి కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇస్తున్నాయి. చాలా బ్యాంకుల్లో అది వడ్డీలో 0.05 శాతం. ఇరవయ్యేళ్ళకి 30 లక్షలు తీసుకుంటే నెలకి సుమారు 95 రూపాయలు మిగులుతాయి. అంటే అన్ని బంధనాల నుంచీ మనకి దొరికిన విముక్తి వెల నెలకి 95 రూపాయలు! కొన్ని రాష్ట్రాలు రిజిస్ట్రేషన్ రుసుములోనూ తగ్గింపు ఇస్తున్నాయి. మహారాష్ట్ర 2021 నుంచి ఆడవాళ్ళ పేరుతో కొన్న ఇళ్ళకి ఒక శాతం తగ్గించింది. వీటిని వద్దనడం లేదు. కానీ ఈ రాయితీల కోసం భార్య పేరు కాగితం మీద పెట్టి, తాళంచెవీ నిర్ణయమూ తన జేబులో ఉంచుకునే మగవాళ్ళు ఎంతమంది!

మా కాలేజీలోనే లెక్కలు చెప్పే నా స్నేహితురాలు ఉంది. భర్త అప్పుకి తన జీతం కూడా కలిపి కో-అప్లికెంట్‌గా సంతకం చేసింది. సేల్ డీడ్ మాత్రం భర్త ఒక్కడి పేరున రాశారు. "ఇద్దరం ఒకటే కదా" అన్నాడట. తొమ్మిదేళ్ళు ఆమె జీతంలోంచి వాయిదాలు పోయాయి. తర్వాత విడిపోయారు. అతను కట్టడం మానేశాడు. తొంభై రోజులు దాటాక అప్పు మొండిబాకీ అయింది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఇద్దరి పేరునా వచ్చింది. అప్పులో ఆమె పూర్తి భాగస్వామి, ఇంట్లో ఏమీ కాదు. లెక్కలు చెప్పే మనిషి ఈ ఒక్క లెక్కలో తప్పింది. ఈ వ్యాసం మొత్తం మరిచిపోయినా ఒక్క మాట గుర్తుంచుకోండి. అప్పు కాగితం మీద సంతకం మనల్ని బాకీదారుని చేస్తుంది, అంతే. యజమానిని చేసేది సేల్ డీడ్. విడాకుల్లో ఉమ్మడి సంపాదనని చెరిసగం పంచే చట్టం, ఒక్క గోవాలో తప్ప, మన దేశంలో లేదు. గృహహింస చట్టం 2005 మనకిచ్చింది ఆ ఇంట్లో ఉండే హక్కు. అది గొప్ప హక్కే. కానీ ఉండనివ్వడం వేరు, మనదవడం వేరు.

నా లెక్క మధ్యతరగతి ఉద్యోగిని లెక్క అని నాకు తెలుసు. మా అపార్ట్‌మెంట్లో నాలుగిళ్ళలో వంట చేసే ఆమె నెలకి 22 వేలు సంపాదిస్తుంది. చేతికి డబ్బే, కాగితం లేదు. స్లిప్పు లేదు కాబట్టి 8.5 శాతం వడ్డీ బ్యాంకు ఆమెకి లేదు. ఆమె వీధిలోకే వచ్చి 20 శాతం దాటిన వడ్డీకి అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ మాత్రం ఉంది. ఆమె ఏ వారం వాయిదా తప్పలేదు. తక్కువ సంపాదించే మనిషికి ఎక్కువ వడ్డీ! పేద స్త్రీలకి ప్రభుత్వాలు కొంత చేశాయి, కాదనను. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇల్లు స్త్రీ పేరునో ఉమ్మడిగానో ఉండాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో సుమారు 30 లక్షల ఇళ్ళ స్థలాల పట్టాలు స్త్రీల పేరున ఇవ్వడం మొదలుపెట్టారు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళూ స్త్రీల పేరుతోనే. పేరు పడటం చిన్న విషయం కాదు. కానీ అవన్నీ ప్రభుత్వం దయతలిస్తే వచ్చేవి. తన సంపాదనతో తాను కొనుక్కుంటానని ఒక స్త్రీ బ్యాంకు మెట్లెక్కినప్పుడే "సార్ ఏం చేస్తారు" మొదలవుతుంది.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ఒక సమావేశంలో నేను ఈ సంగతంతా చెబితే ఒక పెద్దావిడ, నేను ఎంతో గౌరవించే రచయిత్రి, "సొంత ఇల్లు అనేదే ఆస్తి భావన కదమ్మా, మనం ఆస్తి కోసం పోరాడ్డమేమిటి?" అన్నారు. ఆవిడకి సొంత ఇల్లుంది. ఆ మాట నేనప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను, క్షమించాలి. ఇల్లు పంజరం అని మనం ఎన్ని కథలు, కవితలు రాశాం! నిజమే, పంజరమే. కానీ పంజరంలోంచి ఎగిరిన పిట్ట ఎక్కడ వాలాలి? నేను బయటికొచ్చిన రోజు అద్దె ఇంటికోసం తిరిగితే పదకొండు గుమ్మాల దగ్గర "ఒక్కరేనా?" అని అడిగారు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాసిన వ్యాసంలో సొంత గది గురించి మాత్రమే చెప్పలేదు, ఏడాదికి 500 పౌండ్ల గురించి కూడా చెప్పింది. మనం గదిని తీసుకుని పౌండ్లని వదిలేశాం. ఆ వ్యాసంలో ఆ డబ్బు కథకురాలికి ఒక మేనత్త వదిలివెళ్ళింది. మన మేనత్తలందరూ హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు పెట్టేశారు కదా!

ఆస్తి భావన గురించి ఇంకొక్క మాట. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. భూమీ ఇల్లూ రెండూ లేని వివాహిత స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్ళలో 7 శాతం. చెయ్యెత్తే ముందు ఆ మగవాడు ఏ సిద్ధాంతమూ ఆలోచించలేదు. ఈమెకి వెళ్ళడానికి చోటు ఉందా లేదా అని ఆలోచించాడు. మనమెందుకు ఆలోచించకూడదు?

అలాగని అప్పే విముక్తి అని నేను అనడం లేదు. పన్నెండేళ్ళు ప్రతినెలా ఐదో తారీకుకి భయపడి బతకడం స్వేచ్ఛేమీ కాదు. ఒంటరి స్త్రీలకి నమ్మకంగా ఉండగలిగే, గౌరవంగా ఉండగలిగే ప్రభుత్వ అద్దె ఇళ్ళు ఉంటే నేను ఈ బ్యాంకు మెట్లు ఎక్కేదాన్నే కాదు. అవి అడగాలి. వాటితో పాటు ఇవీ అడగాలి. సంపాదించే స్త్రీని మగ కో-అప్లికెంట్ కోసం వేధించడం మానాలి. పెళ్ళయిన కూతురి ఆదాయాన్నీ కొడుకు ఆదాయంతో సమానంగా తీసుకోవాలి. ఎవరి జీతం అర్హతలో కలిపారో వాళ్ళ పేరు సేల్ డీడ్‌లో లేకుండా అప్పు ఇవ్వకూడదు. పన్నెండేళ్ళు ఒక్క నెల తప్పకుండా నేను కట్టిన అద్దె, వంటామె తప్పకుండా కట్టిన వాయిదాలు, వీటిని క్రమశిక్షణకి రుజువుగా లెక్కించాలి. పిల్లల కోసం, ముసలివాళ్ళ కోసం ఉద్యోగం మానుకున్న ఏళ్ళని అప్పు గడువులో తిరిగివ్వాలి. ఇందులో ఒక్కటి కూడా దానం కాదు.

నా సంగతి ఏమైందంటారా? మా అబ్బాయి సంతకం పెడతానన్నాడు. నేనే వద్దన్నాను. వాడి మీద అపనమ్మకం కాదు. నలభై ఎనిమిదేళ్ళకి ఒక్కసారైనా ఎవరి కూతురిగా, భార్యగా, తల్లిగా కాకుండా ఒక కాగితం మీద నిలబడాలనిపించింది. 55 లక్షల ఫ్లాటు వదిలేశాను. ఊరి చివర ఆరువందల అడుగుల పాత ఫ్లాటు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, 27 లక్షలు. బ్యాంకు 19 లక్షల 50 వేలు ఇచ్చింది. మిగతాది పీఎఫ్, చిట్టీ, మా అమ్మ పెట్టిన గాజులు. రిజిస్ట్రేషన్‌కి ఇంకో రెండు లక్షల పైన. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు ఎక్కుతున్నప్పుడు, రావాల్సిన ఐదున్నర లక్షలు ఎక్కడ పోయాయో నాకు ప్రతిరోజూ గుర్తొస్తూనే ఉంటుంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ మాట ఎవరితో అన్నారో చూడండి. ఇంటి యజమానితో. మనతో అన్నది "ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అని మాత్రమే. ఊడవడానికి, అలకడానికి, ముగ్గు పెట్టడానికి ఇల్లు మనది. ఈ పత్రిక చదివే స్త్రీలందరినీ ఒకటి అడుగుతున్నాను. ఈ రాత్రి బీరువా తెరవండి. మీరుంటున్న ఇంటి సేల్ డీడ్ బయటికి తీసి, అందులో ఎవరి పేరుందో చదవండి. అది మీ పేరు కాకపోతే, మీ జీతంలోంచో మీ చాకిరీలోంచో దానికి ఎంత వెళ్ళిందో ఒక కాగితం మీద రాయండి. రాయడం మన పనే కదా.